సిగ్గుతో ఒప్పుకున్న నేరం

నేరాలూ కోర్టులూ జైళ్ళ గురించి చెప్పే క్రిమినల్ జస్టిస్ చదవాలనుకుంటున్న మన పిల్లలు ఈమధ్య అప్పుడప్పుడు మా ఇంటికి వస్తున్నారు. వెంట తల్లో తండ్రో ఉంటారు. పిల్లలు సోఫా అంచున కూర్చుని, ముందు రెండేళ్ళ కమ్యూనిటీ కాలేజీలో చేరి తర్వాత యూనివర్సిటీకి మారితే క్రెడిట్లు పోతాయా అని అడుగుతారు. తల్లిదండ్రులు మాత్రం పిల్లలు అటు వెళ్ళేదాకా ఆగి, "ఇది పరువైన చదువేనాండీ?" అని గొంతు తగ్గించి అడుగుతారు.

పిల్లల ప్రశ్నకి జవాబు చిన్నదే. ఆ కాలేజీల్లో నేరుగా ఉద్యోగానికి పంపే డిగ్రీ వేరు, యూనివర్సిటీకి మారడానికి పనికొచ్చే డిగ్రీ వేరు. ఏది ఏదో చేరే రోజే అడిగి తెలుసుకోవాలి. పెద్దవాళ్ళ ప్రశ్నకే నా దగ్గర సరైన జవాబు లేదు. ఒకప్పుడు అదే ప్రశ్న నన్ను నేను వేసుకున్నాను. ప్రొబేషన్ ఆఫీసర్‌గా రిటైరయ్యాక కూడా, ఆ చదువు రోజులు తలుచుకుంటే ముందు గుర్తొచ్చేది సిగ్గే. అందుకే ప్రమోషన్ల సంగతి, జీతాల సంగతి వదిలేసి ఆ సిగ్గు గురించే రాస్తున్నాను. ఈ వృత్తిలోకి వచ్చేవాళ్ళకి అన్నిటికన్నా ఎక్కువ పని దానితోనే పడుతుంది.

కంప్యూటర్స్ అని చెప్పుకున్న చదువు

రెండు వేల ఒకటిలో మావారి ఉద్యోగం పోయింది. జెర్సీ సిటీలో మేమున్న అపార్ట్‌మెంట్ టవర్‌లో, పొద్దున్నే రైలుకి పరిగెత్తే మగవాళ్ళు చాలామంది ఆ ఏడాది లాండ్రీ గదిలో కనబడటం మొదలుపెట్టారు. మాకు అప్పటికే గ్రీన్‌కార్డ్ వచ్చింది కాబట్టి దేశం వదిలిపోవాలన్న భయం లేదు. నేనూ పని చేయొచ్చు. కానీ తెనాలిలో చదివిన హిస్టరీ బీఏతో, నలభై దాటిన వయసులో, నన్నెవరు పనిలో పెట్టుకుంటారు?

కమ్యూనిటీ కాలేజీకి నర్సింగ్ కోసమని వెళ్ళాను. అక్కడ సీటుకి చాలాకాలం ఆగాలన్నారు. కంప్యూటర్ క్లాసుల్లో ఉన్నవాళ్ళే మానేస్తున్నారు. కౌన్సెలర్ నా బీఏ కాగితాలు చూసి, వాటికి కొన్ని క్రెడిట్లే వస్తాయని చెప్పి, క్రిమినల్ జస్టిస్ ఎందుకు చదవకూడదని అడిగింది. కోర్టుల్లో, ప్రొబేషన్ ఆఫీసుల్లో మనుషుల అవసరం ఎప్పుడూ ఉంటుందట. రెండేళ్ళు ఇక్కడ చదివి, మిగతా రెండేళ్ళకీ యూనివర్సిటీకి మారిపోవచ్చంది. ప్రొబేషన్ అంటే ఏమిటో కూడా ఆరోజే విన్నాను. శిక్ష పడినవాళ్ళని జైల్లో పెట్టకుండా, షరతుల మీద బయట ఉంచి, వాళ్ళమీద ఒక కన్నేసి ఉంచడం.

మావారు విని, "దొంగల చదువా?" అని నవ్వారు. ఆ నవ్వుకి నాకు కోపం రాలేదు. నాకూ అలాగే అనిపించింది. బయట ఎవరైనా అడిగితే కంప్యూటర్ కోర్సులు చేస్తున్నానని చెప్పాలని ఇద్దరం అనుకున్నాం. వారాంతాల్లో స్నేహితుల ఇళ్ళలో భోజనాలకి వెళ్ళినప్పుడు ఎవరో ఒకరు ఏ లాంగ్వేజ్ నేర్చుకుంటున్నావని అడిగేవాళ్ళు. నేను పులిహోర గిన్నె అందుకుని వంటింట్లోకి వెళ్ళిపోయేదాన్ని. రైల్లో పుస్తకం పట్టుకుంటే, 'జైళ్ళు' అన్న అక్షరాలున్న అట్ట నా ఒళ్ళోకి తిప్పి పెట్టుకునేదాన్ని.

క్లాసులో నా పక్కన మార్కస్ అనే అతను కూర్చునేవాడు. ఎయిర్‌పోర్టులో సెక్యూరిటీ గార్డు. క్లాసులో సగంమంది అలాంటివాళ్ళే. డ్యూటీ దిగి యూనిఫామ్ మీదే వచ్చేవాళ్ళు. వాళ్ళ మధ్య నేను మంచి చీర కట్టుకుని పొరపాటున వేరేవాళ్ళ పెళ్ళికి వచ్చినదానిలా కూర్చునేదాన్ని. వాళ్ళకన్నా నేను పై మెట్టులో ఉన్నానని నా లోపల ఎక్కడో ఉండేది. అది ఎక్కువ రోజులు నిలవలేదు.

ప్రొఫెసర్ డయాన్

రిపోర్టులు రాయడం నేర్పింది డయాన్ అనే ప్రొఫెసర్. లాయరు పెట్టుకోలేని ముద్దాయిల తరఫున వాదించే పబ్లిక్ డిఫెండర్‌గా చాలాకాలం పనిచేసి, పాఠాలు చెప్పడానికి వచ్చిన మనిషి. ఎవర్నీ మెచ్చుకునేది కాదు.

ఒకరోజు ఏదో షాపులోని కెమెరా వీడియో చూపించి, కనబడింది రాయమంది. ఒక నల్లజాతి యువకుడు చొక్కాల మధ్య తిరిగి, ఒకటి తీసి చూసి, చేతిలో పట్టుకుని పక్క వరసలోకి వెళ్తాడు. వీడియో అక్కడితో ఆగిపోతుంది. నేను శ్రద్ధగా ఒక పేజీ రాశాను. మర్నాడు డయాన్ నా కాగితం తీసి అందరి ముందూ చదివింది. 'దొంగ అటూ ఇటూ చూస్తూ చొక్కా తీసుకున్నాడు' అన్న వాక్యం దగ్గర ఆగింది.

"దొంగ అని నీకెవరు చెప్పారు?" అని అడిగింది.

  నా పక్కనున్న మార్కస్ కూడా నల్లజాతివాడే. ఆ యువకుడి వయసే ఉంటుంది. అతను తల దించి తన కాగితం చూసుకుంటూ ఉండిపోయాడు. క్లాసు అయ్యాక నా దగ్గరికి వచ్చి ఏమైనా అంటాడేమోనని భయపడ్డాను. ఏమీ అనలేదు. తన రిపోర్టు నా ముందు పెట్టి, ఎలా రాయాలో చూసుకోమని వెళ్ళిపోయాడు. అందులో చేతులు, కాళ్ళు, చొక్కా రంగు, నడిచిన దిక్కు మాత్రమే ఉన్నాయి. దొంగా లేడు, దొరా లేడు. క్షమించమని అడగడానికి నాకు వారం పట్టింది. అడిగితే భుజాలెగరేసి, అలవాటేనన్నాడు. ఆ మాట తిట్టుకన్నా ఎక్కువ గుచ్చుకుంది.

కోర్టులో కస్తూరి గారు

చివరి సెమిస్టర్‌లో అందరం ఏదో ఒక ఆఫీసులో ఇంటర్న్‌షిప్ చేయాలి. ఆ క్రెడిట్లు ఉంటేనే యూనివర్సిటీ నన్ను తీసుకుంటుంది. నన్ను ఒక చిన్న ఊరి మునిసిపల్ కోర్టుకి పంపారు. ట్రాఫిక్ టికెట్లు, చిల్లర గొడవలు, షాపుల్లో దొంగతనాలు, అలాంటి కేసులు అక్కడికి వస్తాయి. ఫైళ్ళు అందించడం, జనాన్ని వరసలో నిలబెట్టడం నా పని.

ఒకరోజు ఉదయం జడ్జి ఒక పేరు పిలిస్తే, నేతచీర మీద స్వెట్టర్ వేసుకున్న పెద్దావిడ లేచి నిలబడింది. వెనక వరసలో కూతురు తలవంచుకుని కూర్చుంది. కేసు చిన్నదే. బట్టల షాపులో చంటిపిల్లల స్వెట్టరు ఒకటి ఆవిడ తన చేతిసంచిలో వేసుకుని, డబ్బు కట్టకుండా తలుపు దాకా వచ్చింది. ఫోన్ మర్చిపోయి కారు దగ్గరికి వెళ్ళిన తనని వెతుక్కుంటూ వచ్చిందని కూతురు అంటోంది. సంచిలో దాచిందని గార్డు అంటున్నాడు. నిజమేమిటో నాకు తెలియదు.

తెలుగు దుబాసీ ఫోన్లో దొరకలేదు. కోర్టు క్లర్కు నావైపు చూసి, ఈమెది కూడా ఆ భాషే అనుకుంటానని జడ్జికి చెప్పింది. నాచేత ప్రమాణం చేయించి ఆవిడ పక్కన నిలబెట్టారు. అన్నది అన్నట్టు చెప్పాలి, సొంతంగా ఏమీ చెప్పకూడదు. అంతవరకే నాకు చెప్పారు.

నేను "నమస్కారమండీ" అనగానే ఆవిడ ముఖం పాలిపోయింది. పరాయి దేశంలో తెలుగు మాట వింటే మనవాళ్ళకి ప్రాణం లేచివస్తుందంటారు. ఆవిడకి ఉన్న ప్రాణం పోయినట్టయింది.

"నువ్వెవరి తాలూకమ్మా? మా అల్లుడు నీకు తెలుసా?" అని మెల్లగా అడిగారు.

తెలియదన్నాను. ఆవిడ పేరు కస్తూరి. ఖమ్మం దగ్గర ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో హెడ్‌మిస్ట్రెస్‌గా చేసి రిటైరయ్యారట. కూతురు శిరీషకి నెలలు నిండుతున్నాయని వచ్చారు. ఇవన్నీ నేను అడక్కుండానే చెప్పారు. తనెవరో నాకు తెలియాలని చెప్పుకున్నారనుకుంటాను.

లాయరు పెట్టుకునే హక్కు ఉందని జడ్జి అన్న మాట నేను తెలుగులో చెప్పాను. వద్దన్నారు. నేరం ఒప్పుకుంటారా అని అడిగితే తలూపారు. ఒప్పుకున్నంత మాత్రాన జడ్జి సరేననకూడదు, ఏం చేశారో ముద్దాయి నోట వినాలి. అందుకని, "డబ్బు కట్టకుండా తీసుకెళ్ళాలనే ఆ స్వెట్టరు సంచిలో వేసుకున్నారా?" అని అడిగాడు.

నేను తెలుగులో అడిగాను. ఆవిడ జడ్జి వైపు చూడలేదు. నా వైపూ చూడలేదు.

"అవునని చెప్పమ్మా. ఇంటికి పోవాలె," అన్నారు.

ఈ దేశపు పౌరులు కానివాళ్ళు దొంగతనం ఒప్పుకుంటే తర్వాత వీసా దగ్గర ఏమవుతుందో డయాన్ క్లాసులో విన్నాను.  జడ్జికి జవాబు చెప్పకుండా ఆవిడ వైపు తిరిగి, "ఇప్పుడే ఒప్పుకోకండి. లాయరు కావాలనండి. ఒప్పుకుంటే మళ్ళీ ఈ దేశం రానివ్వకపోవచ్చు. శిరీషనైనా అడగండి," అని గబగబా చెప్పాను.

జడ్జి పెన్ను కింద పెట్టాడు. "నేను అడిగింది ఒక్క ప్రశ్న. మీరింతసేపూ ఏం మాట్లాడుతున్నారు?" అన్నాడు.

అబద్ధం చెప్పలేకపోయాను. ఒప్పుకోవద్దని చెప్పానన్నాను.  ప్రమాణం చేసి దాన్ని అక్కడే తప్పానని, ఇక అక్కడ నిలబడటానికి వీల్లేదని ఆయన గొంతు పెంచకుండానే చెప్పాడు. కేసు వాయిదా వేశాడు. క్లర్కు చేయి చాపితే మెడలోని ఇంటర్న్ బ్యాడ్జి తీసి ఇచ్చాను. తలుపు దాకా నడిచి వెళ్ళాలి. శిరీష నన్ను చూసింది. ఆ చూపులో కృతజ్ఞత ఉంటుందని ఆశపడ్డాను. లేదు. నేనెవరో గుర్తుపెట్టుకోవాలన్నట్టు చూసి తల తిప్పుకుంది.

డయాన్ ఏమంది

డయాన్ ఓదారుస్తుందనుకున్నాను. జన్మంతా ముద్దాయిల పక్షాన నిలబడిన మనిషి కదా. ఆమె నాచేత ఆ నిమిషం మొత్తం మళ్ళీ చెప్పించింది. ఆవిడ అన్న మాట అక్షరం పొల్లుపోకుండా చెప్పమంది. 'అవునని చెప్పమ్మా. ఇంటికి పోవాలె' అన్నదాన్ని ఇంగ్లీషులో చెప్పాను.

డయాన్ విని, "ఆమె అవును అనలేదు. అవునని చెప్పమంది. నువ్వు అది అన్నట్టే చెప్పుంటే జడ్జి అక్కడే ఆపేవాడు. ఆ మాట రికార్డుకెక్కి వాయిదా రోజున కూడా అడ్డుగా ఉండేది. అలాంటి ఒప్పుకోలు తీసుకోవడం ఆయనకి కుదరదు. నీ పని నువ్వు చేసుంటే చాలు, ఆమె ఒప్పుకోలేకపోయేది," అంది.

జాలిపడి తప్పు చేశానని అప్పటిదాకా అనుకుంటున్నాను, లోలోపల కాస్త గర్వంగా కూడా ఉంది. ఆ మాటతో అది పోయింది. ఆవిడ నోటి మాట కన్నా నా తెలివి ఎక్కువనుకున్నాను. కోర్టులో పనిచేయబోయేవాళ్ళు ఇది గట్టిగా గుర్తుపెట్టుకోవాలి. మీ జాలి కోసం అక్కడ ఎవరూ ఎదురుచూడరు. అన్నది అన్నట్టు చెప్పండి, ముద్దాయికి అర్థమైనట్టు లేదనిపిస్తే తెలుగులో గుసగుసలాడకుండా, జడ్జితోనే పైకి చెప్పండి. అది మీకు తప్పు కాదు. నాకు ఆ సంగతి తెలియదు. తెలుసుకోకుండానే నిలబడ్డాను.

ఇంటర్న్‌షిప్ పోయింది, దానితోపాటు ఆ ఏడాది ట్రాన్స్‌ఫర్ కూడా పోయింది. మావారితో కోర్సు దొరకలేదని చెప్పాను. కంప్యూటర్స్ అబద్ధం మేమిద్దరం కలిసి ఆడింది. ఇది నేనొక్కదాన్నే ఆడాను.

కొన్ని రోజులకి శిరీష ఫోన్ చేసింది. నా పేరు కోర్టులో విని, డైరెక్టరీలో వెతికిందట. ఎవరితోనూ చెప్పొద్దని అడగడానికి చేసింది. నేను లాయరుని పెట్టుకోమన్నాను, డయాన్ రాసిచ్చిన పేర్లు చెప్పాను.

"లాయర్ అంటే మళ్ళీ మళ్ళీ రావాలి కదా ఆంటీ. మా ఆయనకి తెలిసిపోతుంది. అమ్మ భోజనం కూడా చేయట్లేదు. ప్లీజ్, మీరు వదిలేయండి," అంది.

వదిలేశాను. వాయిదా రోజున ఫోన్లో ఎవరో దుబాసీ దొరికారు. కస్తూరి గారు నేరం ఒప్పుకుని జరిమానా కట్టి వెళ్ళారని తర్వాత తెలిసింది.

ఉద్యోగం

మరుసటి ఏడాది ఇంకో ఆఫీసులో ఇంటర్న్‌షిప్ చేసి యూనివర్సిటీకి మారాను. డిగ్రీ అయ్యాక ప్రొబేషన్ ఆఫీసులో ఉద్యోగం వచ్చింది. మా సూపర్‌వైజర్ మొదటిరోజు చెప్పిన మాట ఒకటే: ప్రొబేషన్‌లో ఉన్న మనిషి బయట కనబడితే నువ్వు ముందు పలకరించొద్దు, వాళ్ళు పలకరిస్తేనే మాట్లాడు. మర్యాద తెలియని మాట అనుకున్నాను. తాగి కారు నడిపిన కేసులో నా దగ్గరికి వచ్చే ఒక తెలుగబ్బాయి ఒక పెళ్ళిలో నాకు ఎదురుపడ్డాడు. తల్లి పక్కన నిలబడి ఉన్నాడు. నా దగ్గరికి వచ్చే రోజుల్లో జిమ్‌కి వెళ్తున్నానని ఇంట్లో చెప్పేవాడు. నన్ను చూడగానే చేతిలో ప్లేటు వంకర పోయింది. నేను పలకరించకుండా అతని పక్కనుంచే వెళ్ళి పెళ్ళికూతురి మీద అక్షింతలు వేశాను. తర్వాత ఆఫీసుకి వచ్చినప్పుడు అతను మొదటిసారి నిజం చెప్పాడు, తాగడం ఇంకా మానలేదని.

నా పని సగం అదే. సిగ్గు పడుతున్న మనిషి నిజం చెప్పడు. తొందరగా అయిపోతుందనుకుంటే దేనికైనా తలూపుతాడు. ముద్దాయి వెంటనే ఒప్పుకుంటే నేను సంతోషించడం మానేశాను. నేను మాత్రం మనవాళ్ళ మధ్య అప్పటికీ 'గవర్నమెంట్ జాబ్' అనే చెప్పుకునేదాన్ని.

హాల్లో శిరీష

రిటైరవడానికి కొంచెం ముందు, మా తెలుగు సంఘంవాళ్ళు కోర్టు సమన్లు వస్తే ఏం చేయాలో మాట్లాడమని అడిగారు. ఆదివారం సాయంత్రం, గుడి హాల్లో. చాలాసార్లు తప్పించుకుని చివరికి ఒప్పుకున్నాను. ఎవరో ఒకావిడ అంటూ, పేరు మార్చి, ఊరు మార్చి, స్వెట్టరు బదులు గాజులని చెప్పి కస్తూరి గారి కథే చెప్పాను. లాయరు లేకుండా ఒప్పుకోవద్దని ముగించాను. నా సంగతి చెప్పలేదు.

వెనక నుంచి ఒకామె లేచి మైకు అడిగింది. కాస్త లావయ్యింది, జుట్టు పొట్టిగా కత్తిరించుకుంది. గొంతు విన్నాకే పోల్చుకున్నాను.

"ఆ ఆవిడ మా అమ్మ," అంది శిరీష. "గాజులు కాదు, మా బాబు కోసం స్వెట్టర్. తర్వాత అమ్మ మళ్ళీ వీసాకి అప్లై చేస్తే ఇంటర్వ్యూలో ఆ కేసు గురించే అడిగి రిజెక్ట్ చేశారు. మా పాప పుట్టినప్పుడు రాలేదు. ఈ మాట మా ఆయనకి నేను పోయిన ఏడాదే చెప్పాను." కాసేపు ఆగి నా వైపు చూసింది. "ఆంటీ, మీరొకటి చెప్పలేదు. మీరు అమ్మకి ఒప్పుకోవద్దని చెప్పారు. అందుకే మిమ్మల్ని పంపించేశారు."

హాల్లో మావారు కూడా ఉన్నారు. అప్పుడు చెప్పాను. ప్రమాణం తప్పడం, బ్యాడ్జి ఇచ్చేయడం, కోర్సు దొరకలేదని ఇంట్లో అబద్ధమాడటం, కంప్యూటర్స్ అని వీళ్ళందరికీ చెప్పడం, అన్నీ. 'అవునని చెప్పమ్మా' అన్న మాట ఇంగ్లీషులోకి మార్చకపోవడం వల్ల ఆవిడకి ఆరోజు ఏం పోయిందో కూడా చెప్పాను. అది విని శిరీష కుర్చీలో కూర్చుండిపోయింది. ఆమెకి అంతవరకూ తెలియదు.

తర్వాత పార్కింగ్‌లో నా కోసం ఆగి ఉంది. కోపంగా ఉంటుందనుకున్నాను. ఫోన్ తీసి ఖమ్మం కలిపి, వాళ్ళమ్మతో రెండు మాటలు చెప్పి నా చేతికిచ్చింది. అక్కడ అప్పుడే తెల్లవారబోతోంది. ఆవిడ లేచే ఉన్నారు.

నేను క్షమించమని మొదలుపెట్టి, ఆరోజు సరిగ్గా అర్థమయ్యేలా చెప్పలేకపోయానన్నాను. ఆవిడ మధ్యలోనే ఆపారు.

"నువ్వు చెప్పింది నాకు మంచిగనే అర్థమైందమ్మా. రెండోసారి ఫోన్లో ఆ దుబాసీ ఆయన చెప్పింది కూడా అర్థమైంది. లాయరును పెట్టుకుంటే, నేను దొంగను కాదని వచ్చినప్పుడల్లా అందరి ముందూ చెప్పుకోవాలె. దొంగనేనని ఒక్కసారి అంటే అయిపోతదనిపించింది."

 ఇన్నేళ్ళ ఉద్యోగంలో నేర్చుకున్నవాటిలో ఆ మాటకి సరిపోయేది ఒక్కటీ లేదు. అటువైపు నుంచి గిన్నెల చప్పుడు వినిపిస్తోంది. ఆవిడ పొయ్యి మీద పాలు పెట్టానని, ఫోన్ శిరీషకివ్వమని అన్నారు.